అమెరికా ఇంట్లో థర్మోస్టాట్ తెర నల్లబడితే: రాజోలి నుంచి ఫోన్‌లోనే పట్టుకోవడం ఎట్లా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క వైరు గురించి. పేరు సి-వైరు. మన రాజోలిలో ఏ ఇంటి గోడలోనూ అది కనపడదు. కానీ మీ అన్నయ్యో అక్కో టెక్సాస్‌లో ఉన్నారనుకోండి, అమ్మానాన్న ఆర్నెల్లు ఉండొద్దామని వాళ్ళ దగ్గరికి పోయారనుకోండి. జనవరి నెలలో ఆ ఒక్క వైరు లేకపోవడం మీకు ఇక్కడ నిద్ర లేకుండా చేస్తది.

ఎట్లా అంటారా? అన్నా వదినా ఇద్దరూ డ్యూటీకి పోయారు. ఇంట్లో పెద్దవాళ్ళిద్దరే ఉన్నారు. గోడ మీదున్న గాజు డబ్బా నల్లబడింది, వేడి గాలి ఆగిపోయింది, బయట నీళ్ళు గడ్డకట్టే చలి. అన్నయ్య మీటింగ్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తట్లేదు. వాళ్ళు తర్వాత చేసేది మీకే. "ఫోన్లవీ ఇవన్నీ నీకు తెలుసు కదరా" అంటరు. డల్లాస్‌లో చలికాలం పొద్దున 8:30 అంటే మనకు రాత్రి 8. మీరు ఎట్లాగూ ఫోన్ పట్టుకునే ఉంటరు. అప్పుడు ఏం అడగాలి, ఏం చూపించమనాలి, ఏది ముట్టుకోవద్దని చెప్పాలి, ఇవాళ అదే చూద్దాం.

అసలు థర్మోస్టాట్ అంటే ఏంటి?

మన బోరు మోటారు స్టార్టర్ గుర్తు తెచ్చుకోండి. పచ్చ బటన్ నొక్కితే లోపల ఒక కాయిల్‌కి కరెంటు వస్తది. ఆ కాయిల్ అయస్కాంతంలా మారి పెద్ద కాంటాక్టుల్ని లాగుతది, మోటారు తిరుగుతది. మోటారుకు పోయే పెద్ద కరెంటు మీ వేలి కింద ఉన్న బటన్ గుండా పోదు. బటన్ చేసేది ఆర్డర్ ఇవ్వడమే.

అమెరికా ఇళ్ళల్లో థర్మోస్టాట్ కూడా అట్లాంటి బటనే. తేడా ఏంటంటే దాన్ని నొక్కేది మనిషి కాదు, టెంపరేచర్. వేడి గాలినిచ్చే యంత్రాన్ని ఫర్నేస్ అంటరు. అది అటకమీదో, గ్యారేజీలోనో, ఒక అల్మారాలాంటి చిన్న గదిలోనో ఉంటది. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. ఇంటి కరెంటును 24 వోల్టుల ఏసీకి తగ్గిస్తది. ఆ 24 వోల్టులే సన్నటి వైర్లలో గోడ దాకా వస్తయి.

ఆ వైర్లకు అక్షరాలు పేర్లు. ఆర్ అంటే కరెంటు వచ్చే వైరు. డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జి ఫ్యానుకి. థర్మోస్టాట్ లోపల ఆర్‌ని డబ్ల్యూతో కలిపితే ఫర్నేస్ మొదలైతది. విడదీస్తే ఆగుతది. అంతే పని. హీట్ పంప్ ఉన్న ఇళ్ళల్లో ఓ లేదా బి అని ఇంకొకటి కూడా ఉంటది.

హనీవెల్ కంపెనీ 1953లో తెచ్చిన గుండ్రటి థర్మోస్టాట్ మీరు పాత ఇంగ్లిష్ సినిమాల్లో చూసే ఉంటరు. లోపల రెండు లోహాలు అతికించిన ఒక చుట్ట. చలికి, వేడికి అది ముడుచుకుంటది, విచ్చుకుంటది. దాని మీదున్న పాదరసం గొట్టం వంగితే సర్క్యూట్ కలుస్తది. దానికి తెర లేదు, వైఫై లేదు. సొంతానికి కరెంటే అక్కర్లేదు. అందుకే పాత ఇళ్ళల్లో గోడలోకి రెండు వైర్లో, నాలుగు వైర్లో మాత్రమే లాగారు. ఐదోదాంతో అప్పట్లో పనే లేదు.

ఆ ఐదోది ఏది?

2011లో నెస్ట్ అనే కంపెనీ మొదటి థర్మోస్టాట్ అమ్మింది. ఆపిల్‌లో ఐపాడ్ మీద పనిచేసిన టోనీ ఫాడెల్, మ్యాట్ రోజర్స్ పెట్టిన కంపెనీ అది. 2014లో గూగుల్ 320 కోట్ల డాలర్లకు కొన్నది. ఇకోబీ లాంటివి కూడా ఇదే కాలంలో ఇళ్ళల్లోకి వచ్చినయి. వీటిల్లో తెర ఉంటది, ప్రాసెసర్ ఉంటది, వైఫై ఉంటది. అంటే గోడకు ఒక చిన్న స్మార్ట్‌ఫోన్ తగిలించినట్టే. మరి ఫోన్‌కి చార్జింగ్ ఎక్కడిది?

కరెంటు రావడానికి ఒక దారి ఉంటే సరిపోదు, తిరిగి పోవడానికి కూడా దారి కావాలి. ఆర్ వైరులో వచ్చిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి తిరిగి పోయే దారే సి-వైరు. కామన్ అని పూర్తి పేరు. అది ఉంటే థర్మోస్టాట్‌కి 24 గంటలూ భోజనం దొరికినట్టే. లేకపోతే దొంగతనం చెయ్యాల్సిందే. నవ్వకండి, ఇంజనీర్లు దాన్ని పవర్ స్టీలింగ్ అనే అంటరు.

ఆ దొంగతనం ఎట్లుంటదో మన సుంకేశుల వైపు కాలువతో చెప్త. కాలువ గేటు మూసి ఉంది. గేటుకు ఇటు నీళ్ళు నిండుగా, అటు ఖాళీ. గేటు సందులోంచి సన్నగా కారే నీళ్ళ కింద మీరు బిందె పెట్టారు. కింద పొలానికి ఆ నీళ్ళు చేరవు, మీ బిందె మాత్రం మెల్లగా నిండుతది. థర్మోస్టాట్ చేసేది ఇదే. ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు డబ్ల్యూ వైరు గుండా, ఏసీ ఆగి ఉన్నప్పుడు వై వైరు గుండా, అవతలి రిలే కాయిల్ లేవనంత సన్నగా కరెంటు తీసుకొని లోపలి బ్యాటరీ నింపుకుంటది.

ఇక్కడ రెండు చిక్కులు. మొదటిది, గేటు మొత్తం ఎత్తితే రెండు వైపులా నీళ్ళ మట్టం ఒకటే అయితది, సందులోంచి కారే ఒత్తిడి ఉండదు. అట్లాగే ఫర్నేస్ నడుస్తున్నప్పుడు స్విచ్‌కి రెండు వైపులా వోల్టేజ్ తేడా దాదాపు సున్నా. అప్పుడు బ్యాటరీ నింపుకోవడం కష్టం. విపరీతమైన చలిలో ఫర్నేస్ గంటల తరబడి ఆగకుండా నడుస్తది కదా, సరిగ్గా అవసరమైన రోజే బ్యాటరీ పడిపోవడానికి ఇది ఒక కారణం. రెండో చిక్కు, ఎక్కువ కారితే ఆ నీళ్ళు పొలం దాకా పోతయి. అంటే రిలే సగం లేచి టక్ టక్ అని కొట్టుకుంటది, ఫ్యాను తనంతట తానే మొదలై ఆగుతది. ఇంట్లోవాళ్ళు దయ్యం అనుకుంటరు. దయ్యం కాదు, సి-వైరు లేదు.

ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న

"పని చేస్తలేదు" అంటే మనకు ఏమీ తెలియదు. మూడు రకాలుగా విడదీయండి.

ఒకటి, తెర పూర్తిగా చీకటి. రెండు, తెర వెలుగుతుంది కానీ బ్యాటరీ తక్కువ అని చెప్తుంది లేదా చిన్న ఎర్ర లైటు మినుకుమంటుంది. మూడు, తెర బాగానే ఉంది, నంబర్లు కనపడుతున్నయి, కానీ వేడి గాలి వస్తలేదు. మొదటి రెండూ కరెంటు సమస్యలు. మూడోది చాలాసార్లు ఫర్నేస్ సమస్య, లేదా ఎవరో మోడ్‌ని హీట్ నుంచి కూల్‌కి మార్చారు. ముందు మోడ్ చూపించమనండి. అక్కడ ఫారెన్‌హీట్ లెక్క కాబట్టి 68 అంటే మన 20 డిగ్రీలు. "అరవై ఎనిమిది చూపిస్తోంది, ఇల్లు కాలిపోతదేమో" అని అమ్మ కంగారు పడితే ఈ మాట చెప్పండి.

యాప్‌లో ఆఫ్‌లైన్ అని వస్తే వెంటనే కరెంటు పోయిందనుకోవద్దు. గోడ మీద తెర వెలుగుతూ యాప్‌లో మాత్రమే ఆఫ్‌లైన్ అంటే, ముందు రౌటర్ చూడండి. అయితే బ్యాటరీ పడిపోయేటప్పుడు కొన్ని మోడళ్ళు ముందు వైఫైనే ఆపుకుంటయి, మిగిలిన చార్జ్ దాచుకోవడానికి. కాబట్టి యాప్ పోయిన రోజే గోడ దగ్గరికి పోయి చూడాలి. అది మొదటి హెచ్చరిక.

అమ్మానాన్నతో చేయించదగ్గవి

వీడియో కాల్ ఆన్ చేయించండి. ఈ వరుసలోనే పోండి, ఎందుకంటే తేలికైనది, ప్రమాదం లేనిది ముందు రావాలి.

1. ఇంట్లో లైట్లు వెలుగుతున్నయా? లేకపోతే అది వీధి మొత్తం కరెంటు కోత. థర్మోస్టాట్‌ని వదిలేయండి.

2. డబ్బాలో మామూలు పెన్సిల్ సెల్స్ ఉన్నయా? చాలా మోడళ్ళలో ముందు భాగం నిటారుగా లాగితే ఊడొస్తది. సెల్స్ ఉంటే కొత్తవి వేయించండి. సగం కేసులు ఇక్కడే తేలితే మనకే సంతోషం.

3. సెల్స్ లేకుండా వెనక చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉంటే, ఫోన్ చార్జర్‌తో చార్జ్ పెట్టించండి. అరగంట నుంచి రెండు గంటలు. చార్జ్ అవుతున్నంతసేపు వేడి రాదు, ఆ మాట ముందే చెప్పండి. ఒక విషయం గుర్తుపెట్టుకోండి, చార్జ్ పెట్టడం మందు కాదు, పరీక్ష. పెట్టాక బాగా నడిచి మళ్ళీ కొన్ని రోజులకు పడిపోతే, డబ్బా మంచిదే, గోడలోంచి దానికి తిండి అందట్లేదని అర్థం.

4. బ్రేకర్ పెట్టె. బూడిద రంగు ఇనుప తలుపు, గ్యారేజీలోనో బట్టలు ఉతికే గదిలోనో ఉంటది. లోపల ఫర్నేస్, ఎయిర్ హ్యాండ్లర్, ఏసీ అని రాసి ఉంటది. ట్రిప్ అయిన బ్రేకర్ పిడి చాలావరకు మధ్యలో ఆగి ఉంటది. మన ఎమ్‌సీబీలాగా కిందికి పడదు, కాబట్టి చూస్తే తెలియదు. ఒకసారి పూర్తిగా ఆఫ్ వైపు నెట్టి, తర్వాత ఆన్ చెయ్యాలి. ఒక్కసారే. మళ్ళీ పడిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఇక ముట్టుకోవద్దు.

5. ఫర్నేస్ పక్కన మామూలు లైట్ స్విచ్‌లాంటిది ఒకటి ఉంటది. లైట్ అనుకొని ఎవరో ఆపేస్తరు. అటకమీద ఉంటే పెద్దవాళ్ళను ఎక్కించొద్దు.

6. నిన్నో మొన్నో ఎవరైనా ఫిల్టర్ మార్చారా? ఫర్నేస్ తలుపు వెనక ఒక సేఫ్టీ స్విచ్ ఉంటది. తలుపు సరిగ్గా కూర్చోకపోతే మొత్తం కరెంటు కట్. ఫ్రిజ్ తలుపు తీస్తే లైటు వెలుగుతది కదా, ఇది దానికి రివర్స్.

7. యంత్రం కింద పళ్ళెంలో నీళ్ళు నిలిచాయా? ఏసీ నీళ్ళు పోయే పైపు నాచుతో మూసుకుపోతే, నీటి మట్టం పెరిగి ఒక తేలే స్విచ్ లేస్తది. ఇల్లు తడవకుండా అది కరెంటు ఆపుతది. చాలా ఇళ్ళల్లో థర్మోస్టాట్‌కి పోయే ఆర్ వైరునే కట్ చేసేలా కలుపుతరు. ఎండాకాలంలో హ్యూస్టన్ వైపు తెర నల్లబడితే నేను ముందు అనుమానించేది దీన్నే. స్విచ్ తన పని తాను చేసింది. పైపు శుభ్రం చేస్తే తెర దానంతట అదే వెలుగుతది.

అన్నయ్య ఇంటికి వచ్చాక

ఇప్పటి నుంచి మల్టీమీటర్ కావాలి. ముందు నియమం ఏంటంటే, డబ్బా ఊడదీసి వైర్లు కదిలించే ముందు బ్రేకర్ ఆఫ్. 24 వోల్టులు మనిషిని ఏమీ చెయ్యవని కొందరు ఆఫ్ చెయ్యరు. మనిషిని చెయ్యకపోవచ్చు, కానీ ఆర్ వైరు సి-వైరును ఒక్క క్షణం తాకితే ఫర్నేస్ బోర్డులోని ఫ్యూజు పోతది. చిన్న రిపేరు పెద్దదైతది.

గోడ మీద వైర్లు లావుగా ఉండి, చివర్లకు ప్లాస్టిక్ టోపీలు పెట్టి ఉంటే అక్కడే ఆగండి. అది 120 లేదా 240 వోల్టుల లైను కావచ్చు. కొన్ని ఇళ్ళల్లో గోడ హీటర్లకు అట్లా ఉంటది. ఈ స్మార్ట్ డబ్బాలు వాటికి పనికిరావు.

సన్నటి వైర్లే అయితే ఫొటో తీసి రంగులు చూడకండి, అక్షరాలు చూడండి. ఎర్రది ఆర్ అయి ఉండాలని చట్టమేమీ లేదు, లాగినవాడి చేతిలో ఏది ఉంటే అది. తర్వాత బ్రేకర్ ఆన్ చేసి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఆర్‌కి, సి-వైరుకి మధ్య కొలవాలి. 24 నుంచి 28 దాకా వస్తే మంచిది. డీసీ మీద పెట్టి కొలిస్తే సున్నా చూపిస్తది, లేని జబ్బు వెతుకుతూ కూర్చుంటరు.

గోడ దగ్గర సున్నా, ఫర్నేస్ బోర్డు దగ్గర 24 వస్తే మధ్యలో వైరు తెగింది. ఎలుక కొరికిందో, ఫొటో ఫ్రేమ్ కోసం మేకు కొట్టారో. బోర్డు దగ్గర కూడా సున్నా అయితే ఫ్యూజు చూడాలి. సాధారణంగా 3 లేదా 5 ఆంపియర్లది, మన బైకులో ఉండే ప్లాస్టిక్ ఫ్యూజులాంటిదే. పోతే అదే నంబరుది వెయ్యాలి. మళ్ళీ పోతోందని పెద్దది వేస్తే, తర్వాత కాలేది ట్రాన్స్‌ఫార్మర్. బయట ఏసీకి పోయే సన్నటి వైరు గడ్డి కోసే మిషన్‌కి తెగి షార్ట్ అవ్వడం మామూలే, ముందు అది చూడాలి. ఫ్యూజు బాగుండి, తలుపు సరిగ్గా ఉండి, ఇంటి కరెంటు వస్తున్నా 24 రాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఫర్నేస్ లోపల 120 వోల్టులు కూడా ఉంటయి కాబట్టి ఈ పని తెలియని చేతులతో వద్దు, టెక్నీషియన్‌ని పిలవాలి.

శాశ్వతంగా ఏం చెయ్యాలి?

ముందు గోడ రంధ్రంలోకి తొంగి చూడాలి. చాలా ఇళ్ళల్లో ఐదో వైరు కేబుల్‌లోనే ఉంటది, వాడకుండా వెనక్కి మడిచి పెట్టి ఉంటది. దాన్ని రెండు చివర్లలో సి దగ్గర బిగిస్తే పని అయిపోయింది, పైసా ఖర్చు లేదు. అది లేకపోతే, ఫర్నేస్ దగ్గర పెట్టే అడాప్టర్ దొరుకుతది. ఉన్న నాలుగు వైర్లతోనే ఐదు వైర్ల పని చేయిస్తది. ఇకోబీ చాలా మోడళ్ళ పెట్టెలోనే అట్లాంటిది ఇస్తుంది, నెస్ట్‌కి విడిగా కొనాలి. మూడో దారి, జి వైరును సి-వైరుగా మార్చుకోవడం. దానితో ఫ్యాను ఒక్కటే విడిగా నడిపే సౌకర్యం పోతది. అద్దె ఇల్లు అయితే ఏది చేసినా ముందు ఓనర్‌ని అడగాలి.

సాఫ్ట్‌వేర్ రాసినవాడిగా ఒక మాట. వైర్లన్నీ సరిగ్గా ఉన్నా కూడా పడిపోవచ్చు. 2015 డిసెంబర్‌లో వచ్చిన ఒక అప్‌డేట్‌లోని బగ్ వల్ల 2016 జనవరిలో చాలామంది నెస్ట్ థర్మోస్టాట్ల బ్యాటరీలు ఖాళీ అయి, చలిలో ఇళ్ళు చల్లబడిపోయాయి. పాత పాదరసం గొట్టానికి ఆ బాధ ఉండేది కాదు. కాబట్టి పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో రెండో దారి ఒకటి ఉండాలి. ప్లగ్ పెట్టే చిన్న హీటర్ చాలు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టాలి.

చెయ్యకూడనిది

దయచేసి ఇది మాత్రం అమ్మానాన్నకు ఇవాళే చెప్పండి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చినప్పుడు 45 లక్షలకు పైగా ఇళ్ళకు, షాపులకు కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్కలో 246 మంది చనిపోయారు. చలికే కాదు, వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి కూర్చుని, ఇంట్లో బొగ్గులు వెలిగించి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. దానికి వాసన ఉండదు. మన ఊళ్ళో చలికి కుంపటి పెట్టుకోవడం అలవాటే, కానీ మన ఇళ్ళకు సందులుంటయి, గాలి ఆడుతది. అక్కడి ఇళ్ళు డబ్బాలాగా మూసేసి ఉంటయి. గ్యాస్ స్టవ్ వెలిగించి చలి కాచుకోవద్దు. స్వెటర్లు వేసుకొని ఒకే గదిలో తలుపులేసుకొని కూర్చోవాలి. ఇల్లు మరీ చల్లబడుతుంటే పక్కింటికి పోవాలి. మొహమాటం అస్సలు వద్దు.

మరి మన ఇంట్లో?

మన దగ్గర స్ప్లిట్ ఏసీ థర్మోస్టాట్ దాని లోపలే ఉంటది, గోడలో 24 వోల్టుల లైను లేదు. కానీ పద్ధతి ఇదే. వైఫై ఏసీ యాప్‌లో పోతే, ముందు ఏసీ లైటు, తర్వాత రౌటర్, తర్వాత స్టెబిలైజర్ మీద వోల్టేజ్. ఉండాల్సింది 230. ఎండాకాలం సాయంత్రం వీధి అందరికీ తగ్గితే 1912కి ఫోన్ చేసి టీజీఎస్‌పీడీసీఎల్‌కి చెప్పండి. లైట్లు ఒకసారి మరీ ఎక్కువగా, ఒకసారి మరీ తక్కువగా వెలుగుతుంటే న్యూట్రల్ లూజు అయిందేమో, వెంటనే మెయిన్ ఆపేసి లైన్‌మన్‌ని పిలవండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మనమే పోయి ఫ్యూజు వేద్దాం అనే ధైర్యం వద్దు. ఇంతసేపు మాట్లాడింది 24 వోల్టుల గురించి. అక్కడున్నది వేరే లెక్క.

ఇవాళ చెయ్యాల్సిన పని ఒక్కటే. అమెరికాలో మీవాళ్ళుంటే, అన్నీ బాగున్నప్పుడే మూడు ఫొటోలు తెప్పించుకోండి. థర్మోస్టాట్ వెనక వైర్లు, బ్రేకర్ పెట్టె లోపలి రాతలు, ఫర్నేస్ పక్కన స్విచ్. మగ్గం మీద పోగు తెగితే వెతుక్కోవడానికి ముందు వరుస ఎట్లుందో తెలియాలి కదా, ఇదీ అంతే. ఫోన్‌లో ఆ మూడు ఫొటోలు ఉంటే, చలికాలం రాత్రి 8కి కాల్ వచ్చినప్పుడు మీరు కంగారు పడరు. "అమ్మా, గ్యారేజీలోకి పో, బూడిద రంగు తలుపు తీయ్, కుడివైపు మూడోది" అని చెప్తరు.

సి-వైరు ఉందో లేదో ఫొటో చూసి అర్థం కాకపోతే కామెంట్‌లో అక్షరాలు రాయండి, ఏ అక్షరం దగ్గర ఏ రంగు ఉందో. చూసి చెప్త. ఉంట మరి.